పాత బేరింగు పారేయకండి

ముప్ఫై ఆరేళ్లు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూసి రిటైరైన ఇంజనీరు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే సమాధానాలు

ఈ నెల ఉత్తరాలతో పాటు ఒక పార్సిల్ కూడా వచ్చింది. కిలోకు తక్కువ ఉండదు. విప్పితే గ్రీజు మరకల గుడ్డలో చుట్టిన బేరింగు. మా ఆవిడ దాన్ని వంటింటి గట్టు మీద పెట్టనివ్వలేదు. వరండాలో పాత పేపరు పరిచి, కిరోసిన్‌తో కడిగి, కళ్లజోడు సరిచేసుకుని అరగంట చూశాను. పోయిన భాగాన్ని పారేయకుండా దాచమని ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు. ఒక్కరైనా విన్నారు. అందుకని మొదటి చోటు ఆయనకే.

ప్రశ్న: మాది మండపేట దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. ఊక బాయిలర్ పొగను బయటికి లాగే ఐ.డి. ఫ్యాను బేరింగు ఈ ఏడాదిలో నాలుగుసార్లు పోయింది. ప్రతిసారీ ఫ్యాను వైపుదే. పుల్లీ వైపుది బాగానే ఉంటుంది. రెండు కంపెనీలు మార్చి చూశాను. మా మెకానిక్ అశ్రద్ధ చేసే మనిషి కాదు, రోజూ పది పంపులు గ్రీజు కొడతాడు. ఫ్యాను ఆగితే బాయిలర్ ఆగుతుంది, నానబెట్టిన ధాన్యం తొట్లలోనే వాసన పట్టిపోతుంది. ఏ కంపెనీ బేరింగు వేయమంటారు?

కంపెనీ మార్చవద్దు. మీరు పంపిన బేరింగులో తప్పేమీ లేదు. అది చెప్పవలసింది చెప్పి పోయింది.

ఇది 22212 నంబరు, రెండు వరుసల రోలర్లు ఉండే రకం. బయటి రింగు లోపల రెండు దారులు పక్కపక్కన కనిపిస్తాయి, ఒక్కో వరుసకు ఒక్కో దారి. మీ దాంట్లో ఒక దారి అంతా పాత గోడ సున్నంలా పెచ్చులు లేచింది. పక్క దారి మాత్రం నిన్న డబ్బాలోంచి తీసినట్టు మెరుస్తోంది. ఫ్యాను బరువు పై నుంచి కిందికి పడుతుంది కనుక రెండు వరుసలూ ఇంచుమించు సమంగా మోయాలి. ఒక్క వరుసే చితికిందంటే ఎవరో షాఫ్టును పక్కకు, అంటే పొడవు వెంబడి, నెడుతున్నారన్నమాట. ఆ నెట్టేది ఎవరు?

వేడి. ఐ.డి. ఫ్యాను పీల్చేది బాయిలర్ పొగ కదా, షాఫ్టు వేడెక్కుతుంది. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. అరవై డిగ్రీలు పెరిగితే 0.7 మిల్లీమీటరు. వినడానికి చిన్నదే. కానీ ఆ పెరుగుదలకు చోటు లేకపోతే ఉక్కు ఊరుకోదు, బేరింగును నెడుతుంది. అందుకే బేరింగులను పట్టి ఉంచే రెండు ఇనుప దిమ్మెల్లో, అంటే ప్లమ్మర్ బ్లాకుల్లో, ఒకదానిలోనే బేరింగుకు అటూ ఇటూ ఫిక్సింగ్ రింగులు వేసి కదలకుండా బిగిస్తారు. మామూలుగా అది పుల్లీ వైపుది. రెండోదానిలో రింగులు వేయరు. షాఫ్టు పెరిగినప్పుడు బేరింగు బ్లాకులోనే పక్కకు జరగాలి.

మీ మిల్లుకు ఫోను చేసి ఫ్యాను వైపు బ్లాకు మూత తీయించాను. రెండు రింగులూ ఉన్నాయి. మెకానిక్‌నే అడిగాను. “డబ్బాలో వచ్చాయండి, మిగిల్చి ఏం చేసుకుంటాం అని వేశాను” అన్నాడు. ఆయన్ని ఏమీ అనకండి. ఇచ్చిన సామాను వృథా చేయకూడదనుకున్న మనిషి. వేయకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఫ్యాను వైపు రింగులు రెండూ తీసేసి, బేరింగు బ్లాకు మధ్యలో ఉండేలా పెట్టించండి.

ఇక గ్రీజు సంగతి. ఈ బేరింగు బయటి వ్యాసం 110 మి.మీ., వెడల్పు 28 మి.మీ. రెండింటినీ గుణించి 0.005తో హెచ్చవేస్తే, ఒకసారి వేయవలసిన గ్రీజు గ్రాముల్లో వస్తుంది: పదిహేనున్నర. మీ దగ్గర బూడిద ఎక్కువ కనుక నెలకోసారి వేయండి. గన్ను పంపుకు ఒక గ్రామే వస్తుందనుకున్నా, రోజుకు పది పంపుల చొప్పున మీ మెకానిక్ నెలకు 300 గ్రాములు దట్టిస్తున్నాడు. బ్లాకులో ఖాళీ జాగా మూడో వంతు నుంచి సగం దాకా నిండితే చాలు. పూర్తిగా నింపితే రోలర్లు గ్రీజును కవ్వంతో చిలికినట్టు చిలుకుతాయి, అది వేడెక్కి నూనె విడిపోతుంది. మీ బేరింగులో అడుగున నల్లగా గట్టిపడిన ముద్ద కనిపించింది, అదే ఇది. గన్ను పంపుకు ఎంత వస్తుందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. పది పంపులు కాగితం మీద కొట్టి కిరాణా కొట్టులో తూకం వేయించండి.

మరో రెండు మాటలు. కొత్తది కొనేటప్పుడు నంబరు చివర ‘సి3’ ఉందో లేదో చూడండి. లోపల కాస్త ఎక్కువ సందు ఉన్నదని అర్థం, వేడి షాఫ్టుకు అది కావాలి. బిగించేటప్పుడు “సుత్తి మోత మారేదాకా” అనే లెక్క వద్దు. సందు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజితో ముందు సందు ఎంతుందో చూసి, నట్టు బిగిస్తూ, ఉన్నదానిలోంచి 0.03 నుంచి 0.04 మి.మీ. తగ్గగానే ఆపాలి. ఫ్యాను రెక్కల మీద పేరుకున్న బూడిదను వారానికోసారి గీకించండి. ఒక రెక్క మీద పెళ్ల ఊడి మిగతా వాటి మీద ఉండిపోతే ఫ్యాను ఊగుతుంది.

బేరింగును తిరిగి పంపమంటే పంపిస్తాను. లేదంటే నా బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంటుంది.

ప్రశ్న: నేను మెకానికల్ డిప్లొమా చేసి విశాఖలో ఒక ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరాను. ఏటా అన్ని పంపులూ విప్పి ఓవర్‌హాల్ చేయాలని మా సీనియర్ నియమం పెట్టారు. కానీ విప్పి బిగించిన నెలలోనే కొన్ని మొరాయిస్తున్నాయి. అడిగితే “కాలేజీ చదువు ఇక్కడ పనికిరాదు” అంటున్నారు. నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?

లేదమ్మా, సరిగ్గానే ఆలోచిస్తున్నారు. కాకపోతే పూర్తిగా కాదు.

మీ అనుమానం కొత్తది కాదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసిన నౌలన్, హీప్ అనే ఇద్దరు ఇంజనీర్లు అమెరికా రక్షణ శాఖ కోసం 1978లో ఒక నివేదిక రాశారు. విమాన భాగాలు ఏ వయసులో ఎలా చెడుతున్నాయో లెక్క తీశారు. వాడకం పెరిగేకొద్దీ చెడే అవకాశం పెరిగే భాగాలు 11 శాతమే. 68 శాతం భాగాలకు ప్రమాదం ఎక్కువగా ఉన్నది బిగించిన కొత్తలో! మీకు కాలేజీలో బోర్డు మీద గీసిన స్నానాల తొట్టి ఆకారపు గీత (మొదట్లోనూ చివర్లోనూ ఎక్కువగా, మధ్యలో తక్కువగా చెడతాయని చూపేది) ఉంటుంది చూడండి, అది సరిపోయినవి 4 శాతం. ఇవి విమానాల లెక్కలు. మీ పంపులకు అవే శాతాలు వస్తాయని నేను అనను. అయినా విప్పడమే ఒక ప్రమాదమన్న సంగతి మాత్రం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

అప్పట్లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఉండేవాణ్ని. చక్కెర ఫ్యాక్టరీకి ఏడాదిలో సగం ఉద్యోగం, సగం వైద్యం. చెరకు లేని నెలల్లో మిల్లులన్నీ విప్పి బాగుచేస్తాం. ఒక ఆఫ్ సీజన్‌లో పెద్ద గేరుబాక్సు నేనే దగ్గరుండి విప్పించాను. దాంట్లో ఏ లోపమూ లేదు. “ఎలాగూ ఖాళీగా ఉన్నాం కదా” అని విప్పించాను, అంతకు మించి కారణం లేదు. క్రషింగ్ మొదలైన రోజు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, మిల్లు తిప్పాం. నాలుగు గంటలకు ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. ఆపి మూత తీస్తే ఆయిల్ పీల్చే గొట్టం సక్షన్ జాలీకి పిడికెడు కాటన్ వేస్టు చుట్టుకుని ఉంది. మేం తుడిచినదే, మేం మరిచినదే. పదకొండు గంటలు మిల్లు ఆగింది. యార్డు నుంచి రోడ్డు దాకా చెరకు బళ్లు, కాడి దించి చుట్టలు కాలుస్తున్న రైతులు. నరికిన చెరకులో చక్కెర గంటగంటకూ తగ్గిపోతుందని వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక ముసలాయన మాత్రం “బాగున్నదాన్ని ఎందుకు విప్పారు బాబూ?” అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ మర్నాటి నుంచి గుడ్డలూ పనిముట్లూ లెక్కపెట్టి ఇవ్వడం, మూత వేసే ముందు లెక్కపెట్టి తీసుకోవడం మొదలుపెట్టాను. ఆపరేషన్ థియేటర్లో దూది ఉండలు లెక్కపెడతారే, అలాగే.

మీరు పూర్తిగా సరికాదన్నది ఎందుకంటే, నిజంగా అరిగే భాగాలు ఉంటాయి. చెరకు పిండే రోలర్ల గాడులు, వాటి కంచు బేరింగులు, మీ పంపుల్లో వేర్ రింగులు, ఇసుక నీళ్లు తోడే ఇంపెల్లర్లు వాడేకొద్దీ అరుగుతాయి. వాటికి గడువు పెట్టుకోవడంలో తప్పు లేదు. కాబట్టి సీనియర్‌తో వాదించకండి. పోయిన మూడేళ్ల లాగ్‌బుక్కులు తిరగేసి, ఏ పంపు ఎప్పుడు విప్పారు, తర్వాత ఎన్ని రోజులకు మళ్లీ మొరాయించింది అని ఒక పట్టిక గీయండి. ఎవరి పేరూ రాయకండి. దాన్ని ఆయన బల్ల మీద పెట్టి “సార్, ఇది చూసి చెప్పండి” అని వచ్చేయండి. అంకెలు మీ నోటి నుంచి కన్నా కాగితం మీదే ఆయనకు బాగా కనిపిస్తాయి.

ప్రశ్న: చీమకుర్తి వైపు గ్రానైట్ యూనిట్‌లో ఫిట్టరును. మిషను నడుస్తుండగానే గార్డు తీసి గొలుసుకు ఆయిల్, బేరింగుకు గ్రీజు పెట్టమంటారు. ఆపితే ఉత్పత్తి పోతుందంటారు. జాగ్రత్తగా ఎలా చేయాలి?

జాగ్రత్తగా చేయడం అంటూ లేదు. చేయకండి. తిరిగే గొలుసుకు మీ అనుభవం తెలియదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే కదిలే భాగాలకు కంచె ఉండాలని చెప్పింది. దాన్ని తీయించి చేయించేవాళ్లు ఉత్పత్తి పేరు చెప్పి మీ వేళ్లను పందెం కాస్తున్నారు.

మీ యజమానికి పనికొచ్చే దారి ఒకటి చెబుతాను. బేరింగు దగ్గర గ్రీజు గన్ను ఆనించే నిపుల్ విప్పి, అక్కడి నుంచి సన్న రాగి గొట్టం గార్డు బయటికి లాగి, దాని చివర నిపుల్ బిగించండి. గ్రీజు పెట్టడానికి మిషను ఆపక్కర్లేదు, గార్డు తీయక్కర్లేదు. గొట్టాన్ని ముందే గ్రీజుతో నింపి బిగించండి, లేకపోతే మొదటి వారం గ్రీజంతా గొట్టానికే సరిపోతుంది. గొలుసుకు చుక్కచుక్కగా ఆయిల్ పడే డబ్బా పైన అమర్చుకోవచ్చు.

గార్డు తీయక తప్పని పనైతే మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, దానికి మీ సొంత తాళం వేసి, తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి. హెల్పరు జేబులో కాదు. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూడండి, తిరగకపోతేనే చెయ్యి పెట్టండి. మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టండి. ఆ తువ్వాలు సంగతి ఎందుకు ప్రత్యేకంగా రాస్తున్నానో వివరించడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో స్పిన్నింగ్ మిల్లు నడుపుతున్నాం. ప్రతి మోటారుకూ సెన్సర్ పెడితే ఎప్పుడు చెడుతుందో కంప్యూటరే ముందుగా చెబుతుందని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. ధర లక్షల్లో ఉంది. కొనమంటారా?

వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: “రాత్రి రెండు గంటలకు అది ఎరుపు చూపిస్తే మా మిల్లులో ఎవరు ఏం చేయాలి?” జవాబు మీ దగ్గరా లేకపోతే, ప్రస్తుతానికి కొనకండి.

సెన్సర్లంటే నాకు పడదని అనుకోవద్దు. స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి విన్న తరం మాది. వినికిడి తగ్గిన తర్వాత ఆ విద్య ఎంత నమ్మకమైనదో తెలిసింది! కానీ ముందు జేబులో పట్టే పెన్ను లాంటి వైబ్రేషన్ మీటరు ఒకటి కొనండి. ప్రతి మోటారు మీద కొలిచే చోట పెయింటుతో చుక్క పెట్టించండి. ప్రతి సోమవారం అదే మనిషి, అదే చుక్క మీద, అదే లోడులో కొలిచి పుస్తకంలో రాయాలి. 15 నుంచి 75 కిలోవాట్ల యంత్రాలకు ఐఎస్ఓ 10816 అనే పాత అంతర్జాతీయ ప్రమాణం పట్టిక ప్రకారం అదురు వేగం సెకనుకు 2.8 మి.మీ. లోపు ఉంటే నిశ్చింత. 7.1 దాటితే ఆపి చూడవలసిందే. నన్నడిగితే ఈ రెండు అంకెల కన్నా మార్పు ముఖ్యం. ఏడాదిగా 1.5 చూపిస్తున్న మోటారు ఈ సోమవారం 2.6 చూపిస్తే, పట్టిక బాగుందన్నా సరే నేను నమ్మను.

ఆరు నెలలు ఆ పుస్తకం తప్పకుండా నిండితే, మీ దగ్గర చూసే మనుషులున్నారని తేలుతుంది. అప్పుడు ఆగితే మిల్లంతా ఆగిపోయే నాలుగైదు యంత్రాలకు సెన్సర్లు పెట్టండి, డబ్బు దండగ కాదు.

ఇంకొకటి, కొలత యంత్రం తానున్న చోటి సంగతే చెబుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊళ్లోకి వచ్చి ప్రాణాలు పోయాయి కదా. లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన ఆ ట్యాంకుకు ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగు భాగంలోనే ఉంది. పైభాగంలో ద్రవం వేడెక్కుతున్న సంగతి దానికి అందలేదు. సెన్సర్ ఎన్ని అని కాదు, ఎక్కడ అని అడగాలి.

ప్రశ్న: సౌదీలోని జుబైల్‌లో పంపుల టెక్నీషియన్‌ను, సొంతూరు జగిత్యాల దగ్గర. మా దగ్గర రోజూ నడిచే పంపు కన్నా, ఊరికే నిలబడి ఉండే స్టాండ్‌బై పంపు బేరింగులే ముందు పోతున్నాయి. ఇదెలా సాధ్యం?

పక్క పంపు అదురు పునాది గుండా దీనికి వస్తుంది. నడిచే బేరింగులో గ్రీజు పొర బంతులకూ రింగుకూ మధ్య ఎప్పుడూ కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది. నిలబడ్డదానిలో బంతులు నెలల తరబడి ఒకే చోట కూర్చుని అదురుతుంటే ఆ పొర పక్కకు తప్పుకుంటుంది. లోహం లోహాన్ని రాస్తుంది. పాతదాన్ని కోసి చూడండి. బంతుల మధ్య ఎంత ఎడం ఉందో సరిగ్గా అంత ఎడంలో రింగు మీద గుంటలు కనిపిస్తాయి. అవి కనిపించకపోతే నా మాట తప్పు, మళ్లీ రాయండి.

వారానికోసారి షాఫ్టును చేత్తో ఒక చుట్టూ, మీద ఇంకో పావూ తిప్పండి. సరిగ్గా ఒక్క చుట్టే తిప్పి ఆపితే బంతులు మళ్లీ పాత చోటికి దగ్గరలోనే కూర్చునే అవకాశముంది. వీలైతే నెలకోసారి దాన్ని నడిపి, రెండోదానికి విశ్రాంతి ఇవ్వండి. అయితే రెండింటినీ సమానంగా అరగదీయడం నాకు నచ్చదు. రెండూ ఒకే వారంలో చేతులెత్తేస్తే మీరు ఎటు చూస్తారు?

ప్రశ్న: మున్సిపల్ పంపుహౌస్‌లో ఆపరేటరును. షాఫ్టు పంపులోంచి బయటికి వచ్చే చోట ఉండే గ్లాండు నుంచి నీళ్లు కారుతున్నాయని తనిఖీకి వచ్చినవాళ్లల్లా కేకలేస్తారు. బిగిస్తే కారడం ఆగుతుంది, కానీ పదిహేను రోజులకు షాఫ్టు మీది తొడుగు, అదే స్లీవు, గాడి పడుతోంది.

కారాలి. ఆ నీళ్లే గ్లాండులో కూరిన డోరీని (ప్యాకింగ్ తాడును) చల్లబరుస్తాయి. నిమిషానికి నలభై నుంచి అరవై చుక్కలు సరైన లెక్క. ధారగా కారితే పావు మర బిగించి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. డోరీని పాములా చుట్టలు చుట్టి పెట్టకండి. షాఫ్టు చుట్టూ సరిపోయేలా ఒక్కో రింగు కోసి, అతుకులు ఒకే గీతలో రాకుండా తిప్పి అమర్చండి. గోడ మీద పెద్ద అక్షరాలతో “ఇక్కడ చుక్కలు పడటం అవసరం” అని రాయించండి. తనిఖీకి వచ్చినవాళ్లు చదువుకుంటారు.

పిడుగురాళ్ల నుంచి సున్నపు బట్టీ యజమాని ఒకరు ఎయిర్ కంప్రెసర్ పిస్టన్ రింగులు తరచూ విరుగుతున్నాయని రాశారు. విరిగినవాటిని పాత ఇనుము బండికి అమ్మేశారట. ఈసారి విరిగినప్పుడు ముక్కలన్నీ, మసితో సహా, కడగకుండా పంపండి. అవి చూశాకే సమాధానం.